లోపలినుంచి వైరు లాగితే సరిపోదు

కారు షెడ్డులో ఒక ప్లగ్ పాయింటు కావాలనగానే మన ఊళ్లలో వచ్చే జవాబు ఒక్కటే: ‘దానికేముందండీ, లోపలినుంచి ఓ వైరు లాగితే సరి.’ ఇంటి యజమానీ ఇదే అంటాడు, కరెంటు పని చేసే కుర్రాడూ ఇదే అంటాడు, సలహా అడిగితే పక్కింటాయనా ఇదే అంటాడు. పోర్టికో లైటు బోర్డులోంచో, కాలింగ్ బెల్ బోర్డులోంచో, వరండా పక్క బెడ్‌రూం సాకెట్లోంచో రెండు వైర్లు తీస్తారు. గోడ మీద కేసింగ్ కొట్టి, చివర ఓ పెట్టె బిగిస్తారు. గంటలో పని ముగుస్తుంది. టెస్టర్ పెడితే వెలుగుతుంది. వెలిగింది కాబట్టి పని బాగున్నట్టే లెక్క.

ఆ లెక్క తప్పు. ఇంట్లో ఎన్ని పాయింట్లున్నా, అన్నిటికంటే జాగ్రత్తగా వేయాల్సింది కారు షెడ్డులో పెట్టేదే. మిగతావాటిని పొడి గదిలో, పొడి కాళ్లతో నిలబడి కాసేపు వాడతాం. దీన్ని తడి నేల మీద, చాలాసార్లు ఉత్త కాళ్లతో, బరువైన యంత్రాలకి, గంటల తరబడి వాడతాం. అందుకే దానికి డీబీ (ఇంటి లైన్లన్నిటికీ కరెంటు పంచే బోర్డు) నుంచి సొంత దారి ఉండాలి. ఫేజు, న్యూట్రల్, ఎర్తు మూడూ దానివే కావాలి. ఎక్కువ లోడుని ఆపే ఎంసీబీ, కరెంటు లీకుని పట్టే ఆర్‌సీసీబీ కూడా దానికి విడిగా ఉండాలి. దీన్ని చాదస్తమనేవాళ్లు చెప్పే కారణాలు నాకు తెలుసు. వాటిని ఒక్కొక్కటిగా తీసుకుంటాను.

ముందుగా అవతలి వాదనకి న్యాయం చేయాలి. దాని వెనక అనుభవం ఉంది. ఒక తరం కిందట పోర్టికోలో కరెంటుతో పనేముంది? ఒక బల్బు, పండగకి సీరియల్ లైట్లు, ఇంట్లో శుభకార్యమైతే షామియానా కింద రెండు ఫ్యాన్లు. అన్నీ కలిపినా ఒకటి రెండు ఆంపులు. ఆ అవసరానికి లోపలి బోర్డు నుంచి లాగిన వైరు నిజంగానే చాలింది. నాటి అనుభవమే నేటికీ సలహాగా చలామణి అవుతోంది. కానీ ఆ వైరు చివర తగిలిస్తున్న సామాను మారిపోయింది. కారు కడిగే ప్రెషర్ వాషర్ 1500 వాట్ల దాకా తీసుకుంటుంది. ఒక హార్స్‌పవర్ నీళ్ల మోటారు నడిచేటప్పుడు ఐదారు ఆంపులతో సరిపెట్టుకున్నా, స్టార్టయ్యే క్షణాన అంతకి ఐదారు రెట్లు లాగుతుంది. టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్, డ్రిల్లింగ్ మిషను, లోపల చోటు చాలక బయటికొచ్చిన వాషింగ్ మిషను అన్నీ అక్కడికే చేరాయి. వీటన్నిటి మీదా ఇప్పుడు ఎలక్ట్రిక్ స్కూటరు, ఎలక్ట్రిక్ కారు వచ్చి నిలబడ్డాయి.

‘గీజరు కూడా పవర్ ప్లగ్గు మీదే కదా నడుస్తోంది, కారు చార్జరూ అంతేగా’ అంటారు. ఆంపులు చూస్తే అంతే, గడియారం చూస్తే కాదు. గీజరు పావుగంటో అరగంటో మండుతుంది, నీళ్లు కాగగానే థర్మోస్టాట్ ఆపేస్తుంది. ఇస్త్రీపెట్టె ఆగుతూ అందుకుంటూ పనిచేస్తుంది. కారుతో ఇచ్చే మామూలు చార్జరు 15 ఆంపుల ప్లగ్గులో పెడితే 3.3 కిలోవాట్లు, అంటే 14 ఆంపులకి పైగా తీసుకుంటుంది. 30 యూనిట్ల బ్యాటరీ అడుగు నుంచి నిండాలంటే ఆ ధార తొమ్మిది పది గంటలు ఆగకుండా పారాలి. అదీ రాత్రిపూట, ఇంటిల్లిపాదీ నిద్రపోతున్నప్పుడు. వైరూ సాకెట్టూ చల్లారడానికి మధ్యలో ఒక్క నిమిషం విరామం దొరకదు. స్కూటరు చార్జరు ఇన్ని ఆంపులు తీసుకోదు, నిజమే. కానీ అదీ నాలుగైదు గంటలు వదలకుండా పనిచేస్తుంది. ఒక ఇంట్లో రెండు స్కూటర్లుంటే, అదే లైను మీద మోటారు కూడా ఉంటే, ఆ ‘కొంచెం’ ఎంతవుతుందో ఎవరూ కూడి చూడరు.

వైరు సంగతి ఊహకి వదలనక్కర్లేదు, లెక్క కట్టి చూడొచ్చు. ఇళ్లలో లైట్లకి, ఫ్యాన్లకి సాధారణంగా వేసేది 1 లేదా 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. 1 చదరపు మిల్లీమీటరు వైరుకి కిలోమీటరుకి దాదాపు 19.5 ఓముల నిరోధం ఉంటుంది. డీబీ నుంచి బెడ్‌రూం మీదుగా కారు షెడ్డుకి 20 మీటర్ల దూరం అనుకుందాం. కరెంటు పోయి రావాలి కాబట్టి 40 మీటర్లు, అంటే 0.78 ఓము. 15 ఆంపులు పారితే దారిలోనే దాదాపు 12 వోల్టులు పడిపోతాయి, 175 వాట్లు వైరులోనే వేడిగా మారతాయి. అదే దూరం 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే పోయేది 3 వోల్టులు, పుట్టే వేడి 45 వాట్లు. తొమ్మిది గంటల చార్జింగుకి మొదటి వైరు యూనిట్టున్నరకి పైగా గోడల్లో తగలేస్తుంది, రెండోది అర యూనిట్టు లోపే. సన్న వైరుతో మిగిలిందనుకున్న డబ్బు ఇలా ప్రతి రాత్రీ వెనక్కి పోతుంది.

డబ్బు నష్టం అందులో చిన్నది. 1 చదరపు మిల్లీమీటరు వైరు గోడలోని గొట్టంలో ఉన్నప్పుడు పదకొండు పన్నెండు ఆంపులకి మించి మోయకూడదు. దాని మీది పీవీసీ తొడుగు ఓర్చుకోగలిగేది 70 డిగ్రీల దాకా. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో బయటి గాలే 45 డిగ్రీలుంటే, ఎండకి కాగిన గోడలోని వైరు అక్కడి నుంచే మొదలుపెడుతుంది. దానికి మిగిలిన జాగా 25 డిగ్రీలు కూడా లేదు. తొడుగు ఒక్క రాత్రిలో కాలిపోదు. నెలల తరబడి పెళుసెక్కుతుంది, చిట్లుతుంది, గోడ లోపల కంటికి కనపడకుండా పాడవుతుంది. పైగా ఆ వైరు లోపలి బెడ్‌రూంలోని ఫ్యానుకీ లైటుకీ కూడా దారి. కారు షెడ్డు పాయింటు తెచ్చే వేడిని మోసేది పిల్లలు పడుకునే గది గోడ.

వైరు కంటే ముందు లొంగిపోయేది జాయింటు. లోపలి సాకెట్టు స్క్రూ కింద ఉన్న వైరుకే రెండో వైరు మెలేసి టేపు చుట్టడం మన దగ్గర మామూలు పని. ఆ మెలికలో పదోవంతు ఓము నిరోధం ఉందనుకోండి. 15 ఆంపుల దగ్గర అక్కడ పుట్టే వేడి 22 వాట్లకి పైన. రేడియో రిపేరు చేసే చిన్న సోల్డరింగ్ ఐరన్ వాటేజీ కూడా ఇంచుమించు అంతే. స్విచ్ బోర్డు వెనక, చెక్కకో ప్లాస్టిక్కుకో ఆనించి, ఒక సోల్డరింగ్ ఐరన్‌ని రాత్రంతా ఆన్‌లో పెట్టి పడుకోవడానికి ఎవరైనా ఒప్పుకుంటారా? వదులు జాయింటు చేసేది అదే పని.

‘ఇన్నేళ్లుగా ఇలాగే వాడుతున్నాం, ఏమీ కాలేదు’ అనే మాటకి జవాబు కూడా ఇందులోనే ఉంది. జాయింటు ప్రతి రాత్రీ వేడెక్కి వ్యాకోచిస్తుంది, ప్రతి పొద్దున చల్లారి సంకోచిస్తుంది. అలా స్క్రూ వదులవుతుంది. రాగి మీద పొర కడుతుంది. నిరోధం పెరుగుతుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. నిరుడు నడిచిందన్నది ఈ ఏడాదికి హామీ కాదు, ఎందుకంటే నిరుటి స్క్రూ ఈ ఏడాది అంత బిగువుగా లేదు. సాకెట్టు రంధ్రం చుట్టూ పసుపు రంగు తేలడం, ప్లగ్గు పిన్ను నల్లబడటం, చార్జింగ్ మొదలైన గంటకి ప్లగ్గు పట్టుకోలేనంత కాగడం కళ్ల ముందే జరుగుతాయి. వాటిని చూసి కూడా ‘సాకెట్టు మార్చండి’ అని ఊరుకుంటున్నాం. కొత్త సాకెట్టు వెనకా ఉండేది అదే పాత వైరు.

ఇక అందరూ ధీమాగా చెప్పే మాట: ‘ఎంసీబీ ఉంది కదండీ, ఏదైనా అయితే పడిపోతుంది.’ ఈ ధీమాయే అన్నిటికంటే ప్రమాదం. ఎంసీబీ రెండు పనులకి పుట్టింది. వైరు మోయగలిగినదానికంటే ఎక్కువ లోడు పడితే ఆపడం, షార్టయితే వెంటనే తెంచడం. అది కాపాడేది వైరుని. అదైనా, వైరుకి తగిన ఎంసీబీ పెట్టినప్పుడే. కొత్త పాయింటు పెట్టాక 10 ఆంపుల ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తీసి 32 ఆంపులది బిగించడం ఎన్ని ఇళ్లలో జరగలేదు? ప్రమాణాల ప్రకారం 32 ఆంపుల ఎంసీబీ 36 ఆంపుల దాకా పడనక్కర్లేదు, 46 ఆంపుల దగ్గర పడటానికి కూడా గంట తీసుకోవచ్చు. పదకొండు ఆంపుల వైరుకి అది కాపలా కాయడం లేదు. పడిపోతున్న ఎంసీబీ ఈ దారి ఈ బరువు మోయలేదని చెబుతోంది. ఆ మాట వినకుండా దాని నోరు మూయించడాన్ని రిపేరు అని పిలవకూడదు.

మనిషి ప్రాణం సంగతికొస్తే ఎంసీబీ దాదాపు నిస్సహాయం. తడి కాళ్లతో సిమెంటు నేల మీద నిలబడినవాడి చేతి నుంచి కాలికి శరీర నిరోధం వెయ్యి ఓముల దగ్గరికి పడిపోవచ్చు. 230 వోల్టులు తగిలితే పారేది 230 మిల్లీ ఆంపులు, అంటే ఆంపులో నాలుగో వంతు కంటే తక్కువ. ఎంసీబీకి ఇది ఒక బల్బు వెలిగినట్టే, కదలదు. మనిషికి మాత్రం 10 మిల్లీ ఆంపులు దాటేసరికి చెయ్యి బిగుసుకుపోయి పట్టినదాన్ని వదల్లేడు. యాభై, వంద మిల్లీ ఆంపుల మధ్య గుండె లయ తప్పుతుంది. ఈ తేడాని పట్టుకునేది ఆర్‌సీసీబీ ఒక్కటే. ఫేజులో వెళ్లినంత కరెంటు న్యూట్రల్లో తిరిగి వస్తోందా లేదా అని అది నిత్యం తూకం వేస్తుంది. ఇళ్లకి వాడే 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ, లీకు ఆ హద్దుకి చేరితే సెకనులో చిన్న భాగంలోనే కరెంటు తెంచేస్తుంది. మన దేశంలో ఏటా పది వేలమందికి పైగా కరెంటు షాకుతో చనిపోతున్నారు. ఇంత మరణం మధ్య బతుకుతూ, తడి నేల మీది పాయింటుకి ఆర్‌సీసీబీ దండగని చెప్పడం నాకు సహించరానిదిగా తోస్తుంది.

‘మా ఇంట్లో అదుంది, ఊరికే పడిపోతోందని తీయించేశాం’ అనేవాళ్లు చాలామంది. ఆర్‌సీసీబీ ఊరికే పడదు. ఎక్కడో లీకు ఉన్నా పడుతుంది, ఒక లైను ఫేజుకి మరో లైను న్యూట్రల్ కలిపినా పడుతుంది. లోపలి బోర్డు నుంచి వైరు లాగే పద్ధతిలో సరిగ్గా ఈ రెండో తప్పే జరుగుతుంది. ఫేజు ఒక బోర్డు నుంచి, న్యూట్రల్ దగ్గరలో దొరికిన మరో బోర్డు నుంచి తీసుకుంటారు. తూకం తప్పుతుంది, ఆర్‌సీసీబీ పడుతుంది. అప్పుడు తప్పు చేసిన వైరు గోడలోనే ఉంటుంది, తప్పు పట్టిన పరికరం బయటికి పోతుంది. షెడ్డు పాయింటుకి సొంత న్యూట్రల్ ఉండాలని పట్టుబట్టడం ఇందుకే. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఇంకో చిక్కు. తెలియక ఇన్వర్టర్ లైను బోర్డు నుంచి పాయింటు తీస్తే, ఫ్యాన్లకి, లైట్లకి పెట్టుకున్న ఆ చిన్న పెట్టె మీద కరెంటు పోయిన మరుక్షణం మూడు కిలోవాట్ల బరువు పడుతుంది.

ఎర్తు విషయంలో మన ఉదాసీనత ఇంకా లోతైనది. ‘ఇల్లు కట్టినప్పుడే వేశారు’ అంటారు. వేసి ఉండొచ్చు. ఇప్పుడు పనిచేస్తోందా అన్నది ప్రశ్న. రాతి నేలల్లో, ఎండాకాలం మట్టి పొడిబారినప్పుడు, ఏళ్లుగా నీళ్లు పోయని ఎర్తు గుంత నిరోధం 20 ఓములకి చేరడం వింతేమీ కాదు. ప్రెషర్ వాషర్ లోపల ఫేజు వైరు దాని ఇనుప ఒంటికి తగిలిందనుకోండి. 230ని 20తో భాగించండి, వచ్చేది 11.5 ఆంపులు. 16 ఆంపుల ఎంసీబీ దీన్ని మామూలు లోడనుకుని ఊరుకుంటుంది. వాషర్ ఒళ్లంతా కరెంటుతో నిండి, ముట్టుకునే చెయ్యి కోసం ఎదురుచూస్తుంది. ఎర్తు ఉన్నా, ఎంసీబీ ఉన్నా ప్రాణం పోగల పరిస్థితి ఇది. ఆర్‌సీసీబీ ఉంటే 11.5 ఆంపులు అవసరం లేదు, అందులో నాలుగు వందల్లో ఒక వంతు చాలు. ఎర్తు సరిగా ఉంటే లీకైన క్షణానే, ఎవరూ ముట్టుకోకముందే, ఆర్‌సీసీబీ పడుతుంది. ఎర్తు లేకపోతే ఎవరో ముట్టుకున్నాకే పడుతుంది. అందుకే ఈ రెంటిలో ఒకటుంటే చాలదు. లోపలినుంచి లాగే వైరు సాధారణంగా రెండు తీగలదే. మూడో రంధ్రం ఉన్న సాకెట్టు బిగించి, దాని వెనక ఏ తీగా కలపకుండా మూసేస్తారు. ఎర్తు ఉందని నమ్మించి లేకుండా చేయడం కంటే పెద్ద మోసం ఈ పనిలో లేదు.

ఎక్స్‌టెన్షన్ బాక్సుతో సరిపెట్టేవాళ్లకి కూడా ఇదే జవాబు. 16 ఆంపుల ప్లగ్గుని 6 ఆంపుల సాకెట్టులో దూర్చడానికి బజారులో అమ్మే కన్వర్టర్ ప్లగ్గు పిన్నుల కొలత మారుస్తుంది కానీ వెనకున్న వైరు శక్తిని పెంచదు. చుట్ట చుట్టి ఉన్న ఎక్స్‌టెన్షన్ వైరు తన వేడిలో తానే ఉడుకుతుంది. కిటికీ రెక్క కింద నలిగి, తలుపు సందులో తెగి, వాన నీటిలో నానే ఆ వైరుని ఏ ఎలక్ట్రిక్ కారు కంపెనీ అయినా వాడొద్దనే చెబుతుంది.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇళ్లలో పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ రెండింటి నుంచీ జనం నేర్చుకున్న పాఠం ఒకటుంది: బ్యాటరీని పడకగదిలో పెట్టొద్దు, బయట పెట్టి చార్జ్ చేయాలి. మంచి పాఠం. కానీ బండి బయటికి వచ్చినంత తొందరగా పాయింటు బయటికి రాలేదు. బండి పోర్టికోలో ఉంటుంది, కరెంటు కిటికీలోంచి వేలాడుతూ వస్తుంది. ఒక ప్రమాదాన్ని ఇంట్లోంచి పంపి, ఇంకొకదాన్ని వీధి గుమ్మం దగ్గర కూర్చోబెట్టాం. పాఠం పూర్తికావాలంటే, బండి ఎక్కడ నిలుస్తుందో అక్కడే సరైన పాయింటు ఉండాలి.

దీనికి పూర్తి వ్యతిరేక దిక్కు నుంచి మరో వాదన వస్తోంది. అపార్ట్‌మెంట్ సంఘాలు చాలాచోట్ల ‘స్టిల్ట్ పార్కింగ్‌లో పాయింట్లే వద్దు, అంటుకుంటే ఎవరు బాధ్యులు’ అంటున్నాయి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి ఎనిమిది మంది చనిపోయిన తర్వాత ఆ భయం పెరిగింది. భయపడటంలో తప్పులేదు, నిషేధంలో ఉంది. స్టిల్ట్‌లో వద్దంటే బండి కొన్నవాళ్లు బండి మానేయరు. బ్యాటరీ ఊడదీసి లిఫ్టులో పైకి తీసుకెళ్తారు, లేదా మూడో అంతస్తు బాల్కనీ నుంచి వైరు దింపుతారు. నిషేధం పెట్టిన సంఘమే ఆ రెండు ప్రమాదాలనూ కోరి తెచ్చుకుంటోంది. కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఇళ్ల దగ్గర సొంత చార్జింగ్‌కి అనుమతి ఉంది. 2019 ఫిబ్రవరిలో సవరించిన నమూనా భవన నిబంధనలు, కొత్త భవనాల పార్కింగ్‌లో 20 శాతానికి చార్జింగ్ ఏర్పాటు, దానికి తగిన అదనపు విద్యుత్ లోడు ఉండాలని రాష్ట్రాలకి సూచించాయి. ‘వద్దు’ అనడం సంఘం బాధ్యత తీర్చదు. మీటరు నుంచి ఎలా రావాలి, ఏ వైరు, ఏ రక్షణ, ఎవరి మీటరు మీద అన్నవి నిర్ణయించి రాసిపెట్టడమే దాని బాధ్యత.

‘ఇంత చిన్న పనికి లైసెన్సున్న వాళ్లెందుకు’ అన్నది తర్వాతి అభ్యంతరం. చట్టం ఈ ప్రశ్నకి చాలాకాలం కిందటే జవాబు చెప్పింది. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల నుంచీ ఇదే గీత ఉంది: బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు వంటివి వ్యవస్థ శక్తి, స్వభావం మారకుండా మార్చుకోవచ్చు. కొత్తగా కలపడం, మార్పులు చేయడం మాత్రం లైసెన్సున్న కాంట్రాక్టరు చేయాలి. పాడైన స్విచ్చు మార్చడానికీ, లేని చోట కొత్త పాయింటు పుట్టించడానికీ మధ్య తేడాని మనం మరిచాం కానీ నిబంధన మరవలేదు. ఇందులో పనివాడిని మాత్రమే తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. మన వీధుల్లో కరెంటు పని చేసే కుర్రాళ్లలో చాలామంది చేతికి మంచి నైపుణ్యం ఉంది. ‘డీబీ నుంచి కొత్త లైను వేస్తానండీ’ అని వాళ్లంటే, ‘అంత ఖర్చెందుకు, ఇక్కడినుంచి తీసెయ్’ అని బేరమాడేది ఇంటివాళ్లు. పాయింటుకింత అని కూలి కట్టి, తక్కువలో తేల్చేవాడికే పనిచ్చి, తర్వాత నాణ్యత లేదని వాపోవడం న్యాయం కాదు.

ఖర్చు మాటకే వద్దాం. 20 మీటర్ల 4 చదరపు మిల్లీమీటర్ల మూడు వైర్లు, పీవీసీ గొట్టం, ఒక ఎంసీబీ, ఒక ఆర్‌సీసీబీ, నీళ్లు చొరని మూత పెట్టెలో 16 ఆంపుల సాకెట్టు, అవసరమైతే కొత్త ఎర్తు గుంత, పనివాళ్ల కూలి. అంతా కలిపి వేలల్లో తేలిపోతుంది. పది లక్షలు దాటిన కారు కింద, లక్ష దాటిన స్కూటరు కింద ఈ వేలని దండగ అనడానికి నోరెలా వస్తుంది? అద్దె ఇళ్ల యజమానులు ‘మీకు కావాలంటే మీరే పెట్టించుకోండి’ అంటారు. ఆ పాయింటు అద్దెకున్నవాళ్లతో వెళ్లిపోదు, ఇంటితోనే ఉంటుంది. ఇంటి ఆస్తికి ఇంటివాళ్లే డబ్బు పెట్టాలి.

ఇప్పుడు ఏది సరైన పనో తేటగా చెబుతాను. ముందు మీటరు మీద మంజూరైన లోడు ఎంతో చూసుకోవాలి. పాత ఇళ్లకి ఒకటి రెండు కిలోవాట్లే ఉంటే, 3.3 కిలోవాట్ల చార్జరు పెట్టకముందే విద్యుత్ సంస్థకి దరఖాస్తు చేసి లోడు పెంచుకోవాలి. డీబీ నుంచి షెడ్డుకి విడిగా మూడు వైర్లు రావాలి. 16 ఆంపుల సాకెట్టు ఒక్కదానికి 4 చదరపు మిల్లీమీటర్లు, 7.2 కిలోవాట్ల గోడ చార్జరు పెట్టాలంటే 32 ఆంపులు కాబట్టి దూరం చూసుకుని 6 లేదా అంతకి పైన. ఎంసీబీ ఆ వైరుకీ ఆ సాకెట్టుకీ తగ్గది కావాలి. 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఎలక్ట్రిక్ కారుకైతే మామూలు ‘టైప్ ఏసీ’ రకం చాలదు, కనీసం ‘టైప్ ఏ’ రకం ఉండాలి, ఎందుకంటే చార్జరు నుంచి డీసీ లీకైతే ఏసీ రకం దాన్ని గుర్తించలేకపోవచ్చు. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడాలి. ఎర్తు నిరోధాన్ని మీటరుతో కొలిపించాలి. టెస్టర్ వెలగడం కొలత కాదు.

ఎత్తు సంగతి కూడా మరవకూడదు. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీల్లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో, స్టిల్టులూ కింది అంతస్తులూ నీట మునగడం చూశాం. మోకాలి ఎత్తున పెట్టిన సాకెట్టు అలాంటి రోజున నీటిలో కరెంటు కలుపుతుంది. నాలుగైదు అడుగుల ఎత్తులో పెట్టాలి. వరద తాకిన ప్రాంతాల్లో నీరు నిలిచిన గుర్తు చూసుకుని దానికి పైన పెట్టాలి. దాన్ని ఆపే స్విచ్చు తడి నేల దాటకుండా చేరుకోగల చోట ఉండాలి.

కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లకీ, వాళ్లకి ప్లాను గీసే ఇంజినీర్లకీ నా కోరిక మరీ చిన్నది. స్లాబు వేసే ముందు, గోడలు పూసే ముందు మీటరు బోర్డు నుంచి పోర్టికోకి ఒక లావుపాటి పైపు ఖాళీగా వేసి ఉంచండి. ఈరోజు బండి లేకపోయినా సరే. ఆ పైపు లేకపోవడమే రేపు ‘గోడ పగలగొట్టాలా’ అనే ప్రశ్నవుతుంది, ఆ ప్రశ్నే ‘లోపలినుంచి లాగేద్దాం’ అనే జవాబవుతుంది. ప్లానుల్లో పూజగదికి, వాస్తు ప్రకారం సంపుకి చోటు వెతికే మనం, ఒక పైపుకి చోటు వెతకలేమా? ఇళ్ల ప్లానులకి అనుమతిచ్చే పురపాలక సంఘాలు ఈ ఒక్క గీతని తప్పనిసరి చేస్తే, కొన్నేళ్లలో ఈ చర్చే అవసరం ఉండదు.

ఇంత గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. కారు షెడ్డు పాయింటు ఎలా ఉండాలో నిర్ణయించేది ఇంటి యజమాని. దాన్ని రోజూ తాకేది చాలాసార్లు వేరేవాళ్లు. పొద్దున్నే బకెట్టూ పైపూ పట్టుకుని కారు కడిగే కుర్రాడు, స్కూటరు చార్జింగ్ తీసే కాలేజీ పిల్ల, మోటారు వేసే వాచ్‌మన్, వాకిలి కడిగే పనిమనిషి. ఆ గోడ వెనక ఏ వైరుందో, ఎర్తు తీగ కలిపారో లేదో వాళ్లకి తెలియదు, అడిగే చనువూ ఉండదు. మిగుల్చుకున్న డబ్బు ఒకరి జేబులో, దాని ప్రమాదం ఇంకొకరి చేతిలో. ఇలాంటి పొదుపుని ఇంటి విషయమని వదిలేయలేం. లోపలినుంచి వైరు లాగితే చాలనే మాట మళ్లీ ఎవరి నోటైనా వినిపిస్తే, చాలదని అక్కడే చెప్పండి. డీబీ నుంచి కొత్త లైను వేయమనండి, ఎర్తు కొలిచి చూపించమనండి, ఆర్‌సీసీబీ బటన్ మీ ఎదుట నొక్కి పడేలా చూపించమనండి. ఈ మూడూ చేసిన పనికే డబ్బివ్వండి, వేసినవాడు అడిగినంతా ఇవ్వండి.